వుజూ నీళ్లు, తాగే నీళ్లు, బ్యాటరీ నీళ్లు... మూడూ ఒకటి కాదు

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లందరికీ ఇది తెలిసిన వ్యవహారమే. బ్యాటరీ మీద ఎర్ర గుర్తు కిందికి దిగుతుంది. నీళ్లు పోయాలి. డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఎప్పుడో ఖాళీ అయింది. బయట షాపులు మూసేశారు, ఇంట్లో మగవాళ్లు తరావీకి వెళ్లారు, కరెంటు పోతే పిల్లలు ఉక్కపోతకు ఏడుస్తారు. "వంటింట్లో ఆర్వో నీళ్లున్నాయి కదా, అవి పోస్తే సరి" అని ఎవరో అంటారు. పోసేస్తారు.

ఆ రాత్రి ఏమీ కాదు. ఆ నెలా ఏమీ కాదు. అందుకే ఈ అలవాటు పోదు. నాలుగైదేళ్లు రావాల్సిన బ్యాటరీ రెండేళ్లకే అరగంట బ్యాకప్‌కి దిగిపోయినప్పుడు తిట్లన్నీ కంపెనీకి, అమ్మిన దుకాణానికి పడతాయి. కొత్తది కొనాలంటే పదివేలకు పైనే. వారంటీకి తీసుకెళ్తే వాళ్లు మొదట అడిగే ప్రశ్న, ఏ నీళ్లు పోశారు అని.

నేను చదివింది కామర్స్. కాబట్టి ఇందులో ఈక్వేషన్లు ఉండవు, లాభనష్టాల లెక్క మాత్రం ఉంటుంది. బ్యాటరీ అనగానే మనం లోపలి ప్లేట్ల గురించే ఆలోచిస్తాం. ఆ ప్లేట్ల మధ్య ఉన్న ద్రవం ఏదో ఖాళీ నింపడానికి పోసిందనుకుంటాం. నిజానికి అక్కడ ఏ రసాయన చర్య జరగాలి, ఏది జరగకూడదు అన్నది చాలావరకు ఆ ద్రవమూ, అందులో కరిగిన ఉప్పూ కలిసి నిర్ణయిస్తాయి. ప్లేట్లు అవే ఉంచి ద్రవం మారిస్తే కథే మారిపోతుంది.

పిల్లల సైన్స్ ప్రాజెక్టులో దాక్కున్న ప్రమాదం

దీనికి అన్నింటికంటే తేలికైన రుజువు స్కూల్ సైన్స్ ఎగ్జిబిషన్‌లో దొరుకుతుంది. 9 వోల్టుల బ్యాటరీ, రెండు వైపులా చెక్కిన రెండు పెన్సిళ్లు, గ్లాసు నీళ్లు. నీళ్లను హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే ప్రయోగం. మామూలు నీళ్లలో బుడగలు సరిగ్గా రావు. అప్పుడు పిల్లలు రెండు చెంచాల ఉప్పు వేస్తారు. వెంటనే బుడగలు జోరుగా వస్తాయి, అందరూ చప్పట్లు కొడతారు.

కానీ పాజిటివ్ వైపు పెన్సిల్ దగ్గర ముక్కు పెడితే బ్లీచింగ్ పౌడర్ వాసన వస్తుంది. ఆక్సిజన్‌కి వాసన ఉండదు. అది క్లోరిన్. చిన్న గదిలో, తలుపులు వేసుకుని, ఉప్పు దండిగా వేసి ఈ ప్రయోగం చేస్తే గొంతు మంట, దగ్గు వస్తాయి. ఆస్తమా ఉన్న పిల్లలకైతే ఇంకా ప్రమాదం. ఉప్పు బదులు వంట సోడా వేస్తే క్లోరిన్ రాదు, ఎందుకంటే అందులో క్లోరైడ్ లేదు. అదే బ్యాటరీ, అవే పెన్సిళ్లు, అవే నీళ్లు. కరిగించిన పదార్థం ఒక్కటే మారింది. మీ ఇంట్లో ఎవరైనా ఈ ప్రాజెక్టు చేస్తుంటే ఈ ఒక్క మార్పు చేయించండి, కిటికీ కూడా తెరిచి పెట్టించండి.

లోపల ఏం జరుగుతోందో చూద్దాం. నీటి అణువుకి ఒక పక్క కొంచెం పాజిటివ్, ఇంకో పక్క కొంచెం నెగటివ్ గుణం ఉంటుంది. ఉప్పు వేయగానే అది సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. నికాహ్ రోజు దూల్హా చుట్టూ బంధువులు మూగినట్టు ఒక్కో అయాన్ చుట్టూ నీటి అణువులు మూగుతాయి. అది కదిలితే ఆ బారాత్ కూడా కదులుతుంది. ద్రవంలో కరెంటు వెళ్లడమంటే ఈ కదలికే. నూనెకి ఈ గుణం లేదు, అందుకే ఆవకాయ మీద తేలిన నూనెలో ఉప్పు కరగదు. పూర్తిగా శుద్ధమైన నీటిలో అయాన్లు దాదాపు ఉండవు కాబట్టి అందులోంచి కరెంటు వెళ్లడం చాలా కష్టం.

ఆర్వో మెకానిక్ జేబులో ఉండే టీడీఎస్ పెన్ను కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. అది ఉప్పును తూచదు. నీళ్లలోంచి కరెంటు ఎంత తేలిగ్గా వెళ్తుందో చూసి, దాన్నిబట్టి ఉప్పు అంకె చెప్తుంది.

ఇక ప్లేటు దగ్గర పోటీ. పాజిటివ్ వైపు ఎవరో ఒకరు ఎలక్ట్రాన్ ఇవ్వాలి. నీరు ఇస్తే ఆక్సిజన్, క్లోరైడ్ ఇస్తే క్లోరిన్. పుస్తకం లెక్క ప్రకారం నీటికి 1.23 వోల్టులు చాలు, క్లోరైడ్‌కి 1.36 దాకా కావాలి, అంటే ఆక్సిజనే ముందు రావాలి. కానీ ఒక ఆక్సిజన్ అణువు తయారవ్వాలంటే నాలుగు ఎలక్ట్రాన్లు ఒకదాని తర్వాత ఒకటి పోవాలి. అది చాలా నెమ్మది పని. క్లోరిన్‌కి రెండు చాలు. అందుకే ఉప్పు ఎక్కువైనకొద్దీ క్లోరిన్ గెలుస్తుంది. కొన్ని మంచినీటి ప్లాంట్లలో ఉప్పునీటికి కరెంటు పెట్టి నీళ్లను శుద్ధి చేసే మందు తయారుచేసుకునేది కూడా ఇలాగే.

నెగటివ్ వైపు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అక్కడ సోడియం ఉంది కదా, మరి సోడియం లోహం ఎందుకు రాదు? నీరు రానివ్వదు. సోడియం కంటే చాలా తేలిగ్గా నీరే ఎలక్ట్రాన్ తీసుకుని హైడ్రోజన్ వదిలేస్తుంది. 1807లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ సోడియం లోహాన్ని మొదటిసారి చూడగలిగాడంటే కారణం, నీళ్లలో కరిగించకుండా కాస్టిక్ సోడానే వేడికి కరిగించి దానికి కరెంటు పెట్టడం. మన వంటింటి సిల్వర్ బగోనాల అల్యూమినియం కూడా అంతే, నీళ్ల ద్రావణం నుంచి రాదు. కరిగించిన క్రయోలైట్ అనే ఖనిజ లవణంలో అల్యూమినా కలిపి కరెంటు పెట్టే పద్ధతి 1886లో దొరికింది. అంతకుముందు అల్యూమినియం చాలా ఖరీదైన లోహం. ద్రావణి మార్చడంతో ఒక లోహం పేదవాడి గిన్నె అయింది.

ఇన్వర్టర్ లోపల

ఇన్వర్టర్ బ్యాటరీలో ఉన్నది నీరు, గంధకామ్లం కలిసిన ద్రవం. ఇక్కడ ఆమ్లం కరెంటు మోసే కూలీ మాత్రమే కాదు, చర్యలో భాగస్వామి కూడా. బ్యాటరీ వాడుతున్నప్పుడు ఆమ్లంలోని సల్ఫేట్ రెండు వైపులా సీసం ప్లేట్ల మీదకి వెళ్లి లెడ్ సల్ఫేట్‌గా కూర్చుంటుంది, ద్రవం పలచబడుతుంది. ఛార్జ్ చేసినప్పుడు మళ్లీ ద్రవంలోకి వస్తుంది. మెకానిక్ రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టం ముంచి చూసేది ఇదే. కంపెనీని బట్టి నిండు ఛార్జ్‌లో 1.240 నుంచి 1.280 మధ్య చూపిస్తుంది, బాగా దిగిపోతే 1.150 కిందికి వస్తుంది.

ఇక్కడే ఒక పెద్ద తప్పు జరుగుతుంది. గ్రావిటీ తక్కువ చూపించింది కాబట్టి "యాసిడ్ తగ్గింది, పోద్దాం" అనేవాళ్లున్నారు. ఆమ్లం ఎక్కడికీ పోలేదు, ప్లేట్లలో ఉంది. మళ్లీ పోస్తే, ఛార్జ్ ఎక్కాక ద్రవం మరీ ఘాటెక్కి ప్లేట్లను తినేస్తుంది. ద్రవం ఒలికిపోతే తప్ప యాసిడ్ పోయాల్సిన పని లేదు. ఛార్జింగ్‌లో తగ్గేది నీరే, హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి. పోయాల్సిందీ నీరే.

మరి ఒక ప్రశ్న రావాలి. నీరు 1.23 వోల్టులకే విడిపోతుందంటే, ఒక్కో సెల్ 2 వోల్టులుండే ఈ బ్యాటరీలో నీరు ఎలా నిలుస్తోంది? నిలవకూడదు నిజానికి. కాపాడుతున్నది సీసం స్వభావం. సీసం మీద హైడ్రోజన్ బుడగ పుట్టడం చాలా కష్టం. లెక్క ప్రకారం జరగాల్సిన చర్య, చోటు దొరక్క బద్ధకంగా ఆగిపోతుంది. ఆ బద్ధకం మీదే ఈ బ్యాటరీ వ్యాపారం మొత్తం నడుస్తోంది.

బోరు నీళ్లు, నల్లా నీళ్లు పోస్తే చెడేది ఆ బద్ధకమే. నీళ్లలో వచ్చిన రాగి లాంటి లోహాలు కొంచెమైనా సరే, సీసం ప్లేటు మీద పేరుకుంటాయి. వాటి మీద హైడ్రోజన్ తేలిగ్గా పుడుతుంది. ఇక నీరు తొందరగా తగ్గుతుంది, ఛార్జ్ దానంతటదే కారిపోతుంది. ఇనుము చేసే పని వేరు. అది పాజిటివ్ ప్లేటు దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి, ఈది నెగటివ్ ప్లేటు దగ్గరికి వెళ్లి ఒకటి తీసుకుని, మళ్లీ వెనక్కి వస్తుంది. ఇంట్లో ఒక్క లైటూ వేయకపోయినా బ్యాటరీ దిగిపోతూ ఉంటుంది, మధ్యలో ఈ దళారీ తినేస్తున్నాడు కాబట్టి. క్లోరైడ్ పాజిటివ్ వైపు సీసాన్ని కొరుకుతుంది.

ఇప్పుడు కామర్స్ లెక్క. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా కరిగిన లవణాలు ఉండొచ్చు, వేరే దారి లేని చోట 2000 దాకా కూడా ఒప్పుకుంటారు. 500 ఉన్న నీళ్లే పోశారనుకుందాం. ఒక్కోసారి 2 లీటర్లు, ఏడాదికి నాలుగుసార్లు. అంటే ఏడాదికి 4 గ్రాములు, మూడేళ్లకు 12 గ్రాములు. రెండు చిన్న చెంచాల ఉప్పును బ్యాటరీలో వేసినట్టు. నీరు ఆవిరై, విడిపోయి బయటికి పోతుంది, లవణాల్లో ఎక్కువ భాగం పోదు. ప్రతిసారీ కొత్త సరుకు పాత సరుకు మీద చేరుతుంది. ఆర్వో నీళ్లలో 100 ఉందనుకుంటే మూడేళ్లకు 2.4 గ్రాములు. బోరు కంటే నయమే, కానీ సున్నా కాదు. ఆర్వో మెషీన్ మనం తాగడానికి, రుచి కోసం కొంత ఉప్పు ఉంచేలా సెట్ చేసి ఉంటుంది.

కొందరు ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టి పోస్తారు. టీడీఎస్ పెన్ను పెడితే అంకె తక్కువే చూపిస్తుంది. కానీ ఆ నీళ్లు లోపలి లోహపు గొట్టాలు, రేకుల మీంచి, వాటి మీద పేరుకున్న దుమ్ములోంచి కారి వస్తాయి. కొంచెం రాగి ఉన్నా నష్టమే అని ఇప్పుడే చెప్పుకున్నాం. నా అభిప్రాయం, వద్దు. బ్యాటరీల్లో పోసే నీటికి ప్రభుత్వం ఐఎస్ 1069 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే పెట్టింది. డబ్బా కొనేటప్పుడు ఆ నంబరు ఉందా అని చూడండి.

వుజూకి నీరు పాక్‌గా ఉంటే చాలు, చెరువు నీరైనా సరే. తాగడానికి క్రిములు లేకుండా, కాసిన్ని ఖనిజాలతో ఉండాలి. బ్యాటరీకి ఆ ఖనిజాలే విషం. మన పెద్దవాళ్లు "ఇంత మంచి నీళ్లు పోశాం కదా బేటా" అన్నప్పుడు వాళ్లకి చెప్పాల్సిన మాట ఇదే.

రాత్రిపూట నీళ్లు తక్కువున్నాయని గమనించి, డిస్టిల్డ్ వాటర్ లేకపోతే? ఇన్వర్టర్ ఆఫ్ చేసి తెల్లారేదాకా ఆగడం మేలు. ఇంకొక్క జాగ్రత్త. ఛార్జింగ్‌లో వచ్చేది హైడ్రోజన్. గాలిలో 4 శాతం చేరితే అంటుకోగలదు. బ్యాటరీని మూసిన అలమారాలో, మంచం కింద పెట్టకండి, దాని పక్కన ఊద్‌బత్తీ వెలిగించకండి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే ఛార్జర్ ఆపేసి, కిటికీలు తెరిచి, మెకానిక్‌ని పిలవండి.

నీరు పనికిరాని బ్యాటరీ

ఫోను, ఎలక్ట్రిక్ స్కూటర్‌లో ఉన్నది లిథియం బ్యాటరీ. ఛార్జ్ చేస్తే ఒక్కో సెల్ సాధారణంగా 4.2 వోల్టుల దాకా వెళ్తుంది. అంత ఒత్తిడికి నీరు నిలవదు, ఏ బద్ధకమూ కాపాడలేదు. అందుకని ఇందులో నీటి బదులు కార్బొనేట్ జాతి ద్రవాలు పోసి, లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణం కలుపుతారు. ఈ ద్రవం దొరకడం వెనక ఒక కథ ఉంది.

1980 ప్రాంతంలో శాస్త్రవేత్తలకి ఒక ఆశ. గ్రాఫైట్, అంటే పెన్సిల్ ములుకు పదార్థం, పొరల మధ్య లిథియంను దాచుకోగలదు. దాన్ని నెగటివ్ ప్లేటుగా వాడొచ్చు. కానీ అప్పట్లో అందరూ వాడే ప్రొపిలీన్ కార్బొనేట్ ద్రవంలో గ్రాఫైట్ పెడితే పొరలు పొరలుగా ఊడిపోయేది. ఇందాకటి బారాత్ గుర్తుందా? దూల్హా ఒక్కడే లోపలికి వెళ్లాల్సిన ఇరుకు గదిలోకి బంధువులంతా తోసుకుని వెళ్తే గోడలు కూలతాయి. లిథియం అయాన్‌తో పాటు దాని చుట్టూ మూగిన ద్రావణి అణువులూ గ్రాఫైట్ పొరల్లోకి దూరేవి.

దీన్ని మొదట దాటింది మొరాకోలోని ఫెజ్ నగరంలో పుట్టిన రషీద్ యాజమీ. ఫ్రాన్స్‌లో పరిశోధన చేస్తూ ఆయన ద్రవాన్నే పక్కన పెట్టి ఘన పాలిమర్ వాడాడు. గ్రాఫైట్‌లోకి లిథియం వెళ్లి, మళ్లీ క్షేమంగా బయటికి వస్తుందని చూపించాడు. తప్పు గ్రాఫైట్‌ది కాదు, ద్రావణిది అని తేలిపోయింది. 2014లో ఆయనకి జాన్ గుడినఫ్, అకిరా యోషినో, యోషియో నిషిలతో కలిపి అమెరికాలో ఇంజినీరింగ్ రంగపు పెద్ద పురస్కారం డ్రేపర్ ప్రైజ్ వచ్చింది. 2019 నోబెల్ మాత్రం గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకి వెళ్లింది. నోబెల్ ముగ్గురికి మించి ఇవ్వరు. మన పిల్లలకి ఈయన పేరు తెలిసి ఉండాలి.

ద్రవంతోనే సమస్య తీర్చింది ఇథిలీన్ కార్బొనేట్. ప్రొపిలీన్‌కీ దీనికీ తేడా ఒక చిన్న కార్బన్ కొమ్మ, అంతే. 1990లో వచ్చిన పరిశోధన దీంతో గ్రాఫైట్ నిలుస్తుందని చూపించింది. మొదటి ఛార్జ్‌లో ఈ ద్రవం కొంచెం విరిగి, గ్రాఫైట్ మీద పలచని పొరగా అతుక్కుంటుంది. ఆ పొర దర్వాజా దగ్గర కాపలాదారు. బారాత్‌ని బయటే ఆపి లిథియంను ఒక్కదాన్నే లోపలికి వదులుతుంది. దీన్ని అంతకుముందు ఎక్కువమంది పట్టించుకోకపోవడానికి ఒక చిన్న కారణం, ఇది 36 డిగ్రీల దగ్గర గానీ కరగదు, మామూలు గదిలో గడ్డకట్టి ఉంటుంది. మన మే నెలలో అయితే దానంతటదే కరిగేది! చిక్కగా ఉంటుంది కాబట్టి డైమిథైల్ కార్బొనేట్ లాంటి పలచటి ద్రవం కలుపుతారు. హలీంలో చెంచా తిప్పడానికీ, షోర్బాలో తిప్పడానికీ ఎంత తేడానో, అయాన్ల నడకకీ అంత తేడా.

లవణం కూడా ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిదని కాదు. ఒక హద్దు దాటితే అయాన్లు ఒకదానికొకటి అడ్డుపడి కరెంటు తగ్గుతుంది. లిథియం బ్యాటరీలో లీటరుకు ఒక మోల్ చుట్టుపక్కల వాడతారు.

ఈ ద్రవాల గొప్పతనమే వాటి ప్రమాదం కూడా. కార్బొనేట్లు మండుతాయి. ఆ లవణానికి తేమ తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. గాజునే తినేసే ఆమ్లం అది, చర్మం మీద పడితే లోపలిదాకా దిగుతుంది. అందుకే ఫ్యాక్టరీల్లో తేమ తీసేసిన గదుల్లో వీటిని తయారుచేస్తారు. గల్లీలో స్కూటర్ బ్యాటరీ ప్యాక్ విప్పి "సెల్ మార్చి ఇస్తా భాయ్, సగం ధరకే" అనేవాళ్ల దగ్గర ఆ గదీ లేదు, చేతికి సరైన తొడుగూ లేదు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, పైన లాడ్జీలో ఉన్న 8 మంది చనిపోయారు. ఆ భవనంలో కింద బళ్లు, పైన మనుషులు. మన ఇళ్లలో కూడా చాలాచోట్ల స్కూటర్ ఛార్జింగ్ పెట్టేది మెట్ల కిందే, అదే బయటికి వెళ్లే ఒకే దారి. రాత్రంతా అక్కడ పెట్టకండి.

ఇంకో మాట. పాత రకం ఈ-రిక్షాల్లో చాలావాటిలో ఉన్నది సీసం బ్యాటరీయే, వాటికి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. లిథియం ప్యాక్‌లో ఎప్పుడూ ఏమీ పోయకూడదు. ఏది ఏదో తెలియకపోతే ప్యాక్ మీద రాసింది చదివించుకోండి.

మండని నీటినే మళ్లీ వాడొచ్చా అని శాస్త్రవేత్తలు వదిలిపెట్టలేదు. 2015లో అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీ బృందం నీటిలో లవణం కలపడం కాదు, లవణంలో నీరు కలిపినంత పని చేసింది. కిలో నీటికి 21 మోల్‌ల లిథియం లవణం. ఒక్కో నీటి అణువూ ఏదో ఒక అయాన్‌కి కట్టుబడిపోయి, విడిపోవడానికి ఖాళీగా ఉన్న నీరే దాదాపు లేకుండా పోయింది. ప్లేటు మీద లవణమే కాపలా పొర కట్టింది. నీరు తట్టుకునే హద్దు సుమారు 3 వోల్టులకి పెరిగింది. ఆ లవణం ధర చాలా ఎక్కువ కాబట్టి అది మన స్కూటర్‌లోకి ఇంకా రాలేదు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఆ మండే ద్రవమే. ఫోను వెనక మూత ఉబ్బిందంటే ఆ ద్రవం లోపల విరిగి వాయువుగా మారిందని అర్థం. దాన్ని సూదితో గుచ్చకండి, నొక్కి సరిచేయకండి, ఛార్జింగ్ పెట్టకండి. చెత్తబండిలో కూడా వేయకండి, అక్కడ నలిగి అంటుకుంటే ఆ మనిషికి ప్రమాదం. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలదే. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లి ఇవ్వండి, సీసం బ్యాటరీ అయితే కొత్తది కొనేచోట పాతదానికి ధర కట్టించుకోవడం మర్చిపోకండి.